మధ్యాహ్నం పూట ఎగిరే కారు

1955వ సంవత్సరం. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఆఫీసులు కొన్ని డేరాల్లో, ఉద్యోగులు అద్దె ఇళ్ళల్లో, రోడ్ల మీద అంతకుముందు చూడని కార్లు. నంద్యాల రోడ్డు పక్కన నాకో చిన్న రేకుల షాపు ఉండేది. బస్సులకూ లారీలకూ డైనమోలు, బ్యాటరీలు, హెడ్‌లైట్లు బాగు చేసేవాణ్ణి. కొత్త రకం వైరింగు కనబడితే అన్నం సంగతి మరచిపోయే రకం నేను. మా ఆవిడ కూడా ఆ మాటే అంటుండేది, మెచ్చుకోలుగా మాత్రం కాదు.

ఆ ఎండాకాలంలో కంట్రాక్టరు చిన్నపరెడ్డి గారి కారు నా దగ్గరికి వచ్చింది. ఆయనకు ఆత్మకూరులో కలప వ్యాపారం. వారానికి రెండు మూడుసార్లు నందికొట్కూరు మీదుగా పొద్దున పోయి మధ్యాహ్నం తిరిగి వచ్చేవారు. కారు అమెరికాలో తయారైంది, అప్పటికే పాతది. ఎవరో దొర దేశం విడిచిపోతూ అమ్మితే అంతకుముందు చలికాలంలోనే కొన్నారు.

దాంట్లో ఓవర్‌డ్రైవ్ ఉంది. అంటే టాప్ గేరు పైన ఇంకో మెట్టు. బండి ముప్పై మైళ్ళ వేగం అందుకున్నాక యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే దానంతట అదే పడుతుంది. బండి వేగం తగ్గదు, ఇంజను మాత్రం నిదానంగా తిరుగుతుంది. ఇదంతా నడిపేది కరెంటే. వేగాన్ని కనిపెట్టేది గవర్నరు, ఆ కబురు అందుకునేది రిలే, గేరును పట్టి ఉంచేది సోలినాయిడ్. ఇవి కాక యాక్సిలరేటరు పెడలు కింద బొడిపెలాగా కిక్‌డౌన్ స్విచ్ ఒకటి ఉంటుంది. ఎదుటి బండిని దాటాలనుకుంటే పెడలును అడుగంటా తొక్కాలి. అప్పుడా స్విచ్ నొక్కుకుని, ఇంజనుకు ఒక్క క్షణం కరెంటు ఆపి, ఓవర్‌డ్రైవ్‌ను విడిపిస్తుంది. ఇలాంటిది నేను పుస్తకంలో బొమ్మ చూడడమే తప్ప చేత్తో ముట్టింది లేదు. కారు షాపు ముందు ఆగగానే నా చేతులు ఊరుకోలేదు.

కారు తెచ్చింది డ్రైవరు హుసేనప్ప. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. కారును అద్దంలాగా తుడిచి తెచ్చాడు.

"ఏమప్పా, ఏమంటుంది బండి?" అన్నాను.

"పొద్దున శానా బాగ పోతాది మేస్త్రీ. మధ్యాన్నం తిరిగొచ్చేటప్పుడే ఒకటే ఎగురుడు. ఓవర్‌డ్రైవ్ పడతాది, ఇడుస్తాది. మళ్ళా పడతాది, ఇడుస్తాది. ఎనక కూచున్న రెడ్డికి నడుము ఇరిగిపోతాండాది."

పొద్దున బాగుండి మధ్యాహ్నం చెడుతోందంటే వేడే కారణమని తేల్చేశాను. వేడెక్కితే సోలినాయిడ్ లోపలి తీగచుట్టకు బలం తగ్గుతుంది. రిలే పాయింట్లు మొరాయించవచ్చు. ఎక్కడో వైరు మీది రబ్బరు కరిగి బాడీకి తగులుతూ ఉండవచ్చు. మూడు రోజులు ఇవే వెతికాను. కారును ఎండలో నిలబెట్టాను. రిలేను ఊడదీసి లాంతరు మీద కాచాను. కరెంటు అందుతోందో లేదో చూపే టెస్ట్ ల్యాంపుతో ప్రతి వైరునూ పలకరించాను. మూడో రోజు మిట్టమధ్యాహ్నం నేనే తోలుకుంటూ కోడుమూరు రోడ్డున పది మైళ్ళు పోయి వచ్చాను. కారు ఒక్కసారి కూడా కుదపలేదు.

సాయంత్రం రెడ్డి గారు వచ్చారు. "బండిలో ఏ లోపమూ లేదు" అని గట్టిగా చెప్పాను. నా పనితనం మీద నాకు అంత నమ్మకం.

"అట్లయితే లోపం తోలేవానిలో ఉండాది" అన్నారాయన. "వయసైపోయె. కాలు నిలకడ తప్పినట్లుండాది. వచ్చే నెలకు ఇంగొకణ్ణి చూసుకుంటాలే."

హుసేనప్ప అక్కడే అద్దం తుడుస్తున్నాడు. చెయ్యి ఆగింది. మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. ఆ వయసులో ఉన్న పని పోతే ఇంకెవరు పెట్టుకుంటారు? పైగా ఆ తీర్పు చెప్పింది ఒక రకంగా నేనే.

"ఒక్కసారి నన్ను ఆత్మకూరుకు పిలుచుకుపోండి రెడ్డి గారూ. హుసేనప్పే తోలాలి, నేను పక్కన కూర్చుంటాను" అన్నాను. ఆయన సరేనన్నారు.

పొద్దున ప్రయాణం వెన్నపూస మాదిరి సాగింది. అన్నాలు తిని మధ్యాహ్నం రెండింటికి బయలుదేరాం. నాలుగు మైళ్ళు బాగానే వచ్చాం. హుసేనప్ప ఉత్త కాళ్ళతో తోలుతున్నాడు. ఉండుండి ఎడమ పాదం ఎత్తి కుడి కాలికి రుద్దుకుంటున్నాడు. చివరికి కారు పక్కకు ఆపాడు.

"ఏమనుకోవద్దు మేస్త్రీ" అంటూ సీటు కిందినుంచి ఒక గోనెపట్టా తీశాడు. కూజాలో నీళ్ళు దాని మీద చల్లి, నాలుగు మడతలు పెట్టి, పెడళ్ళ కింద పరుచుకున్నాడు. మళ్ళీ బయలుదేరాం. వేగం అందుకోగానే కాలు తీశాడు, ఓవర్‌డ్రైవ్ పడింది. పెడలు సగం తొక్కాడో లేదో కారు దబ్బున కుదిపింది. ఇంజను ఒక్క క్షణం ఆగి, గొంతు చించుకున్నట్లు అరిచింది.

"ఆపప్పా, ఆపు!"

వంగి చెయ్యి పెట్టి చూశాను. పెడలు అడుగంటా పోనక్కరలేదు, సగం దిగేసరికే గోనె మడతలు కిక్‌డౌన్ స్విచ్‌ను నొక్కేస్తున్నాయి. గోనె పక్కకు లాగి కింది రేకు ముట్టుకున్నాను. చురుక్కుమంది. రేకు కిందుగా పొగ గొట్టం పోతుంది, దానికి తోడు మే నెల ఎండ. బూట్లు వేసుకుని తోలిన నాకు ఆ సంగతి తెలియలేదు.

"నా షాపులో ఈ గోనె ఎప్పుడూ కనపడలేదే!"

"షాపుకు తెచ్చేటప్పుడు తీసేస్తా గదా మేస్త్రీ. నలుగురు చూసే తావుకు మురికి గోనెతో ఎట్ల తెచ్చేది?"

"మరి చెప్పులు వేసుకోవచ్చు కదయ్యా."

అతను నన్ను వింతగా చూశాడు. "కూడు పెట్టే బండిని చెప్పుకాళ్ళతో తొక్కేదా?"

వెనక నుంచి రెడ్డి గారు దిగి వచ్చారు. ముందు తలుపు తెరిచి, చెప్పు విడిచి, రేకు మీద పాదం ఆనించారు. వెంటనే వెనక్కు తీసుకున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్ల తోలుతాండావు హుసేనప్పా?"

"ఎండాకాలమొస్తే ఇంతే గదా రెడ్డీ."

"నాతో ఒక్క మాట చెప్పకపోతివే!"

"చెప్తే మీరేమంటారు? చెప్పులేసుకో అంటారు."

రెడ్డి గారు చెప్పు తొడుక్కుని వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. మరుసటి రోజు నేను మందపాటి కంబళి ముక్కను రేకుకు సరిగ్గా కోసి, స్విచ్ దగ్గర బెజ్జం పెట్టి, కదలకుండా బిగించాను. హుసేనప్ప పని పోలేదు. కారు అమ్ముడుపోయేదాకా ఉత్త కాళ్ళతోనే తోలాడు.

ఆ తర్వాత నేను బళ్ళను కడగకుండా తెమ్మని చెప్పడం మొదలుపెట్టాను. డ్రైవర్లు నవ్వుకునేవాళ్ళు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, రోజూ తోలినట్లే తోలమనేవాణ్ణి. పని నేర్చుకునేవాళ్ళు ఎవరైనా అడిగితే ఈ కథే చెబుతాను. నేను చూడని చోటు లేదు, ముట్టని వైరు లేదు. బండిలో ఏ లోపమూ లేదని ఆ రోజు నేను చెప్పింది అక్షరాలా నిజమే. అంత నిజం చెప్పి ఒక మనిషి పొట్ట కొట్టబోయాను.