గృహప్రవేశం నాడు పెట్టిన బట్టలు

1997 మే నెల, ఆదివారం. మదనపల్లె, మా కొత్త ఇల్లు. ఉన్నవాళ్ళు: నేను, మా ఆవిడ, పుంగనూరు నుంచి వచ్చిన మా మేనత్త, కుప్పం నుంచి వచ్చిన మా చెల్లెలు, బావ, ఇల్లు కట్టిన కాంట్రాక్టరు, ఇంకా బంధువులు, ఆఫీసువాళ్ళు.

నా చిన్నప్పుడే మా మేనత్త దగ్గర నేర్చుకొని ఉండవలసిన పాఠం ఒకటి, తల నెరిసిన తర్వాత, ఆ రోజు నేర్చుకున్నాను. నన్ను ఎత్తుకొని పెంచిన మనిషి ఆమె. అప్పటికి నేను నలుగురికి సలహాలు చెప్పే వయసులో ఉన్నాను. అయినా ఆమె ముందు ఆ రోజు చిన్నపిల్లవాడినే అయ్యాను కాబట్టి, దీన్ని చిన్ననాటి జ్ఞాపకాలతో కలిపి రాసుకున్నా తప్పులేదనుకుంటాను.

ఇల్లు కట్టాలనుకున్నప్పుడు, మా వాళ్ళ ఇళ్ళన్నీ కట్టిన పుంగనూరు మేస్త్రినే పిలవమని అత్త చెప్పింది. నేను వినలేదు. ప్లాను గీయించడం దగ్గర నుంచి తాళంచెవి చేతికిచ్చేదాకా అంతా తానే చూసుకునే కాంట్రాక్టరు కావాలన్నాను. ఆ మాట బంధువులందరి ముందూ కాస్త గొప్పగానే అన్నాను. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, ఆనాటి పని డైరీలో రాసుకునేవాడిని. ఏ గోడ ఎంతవరకు లేచింది, ఇసుక ఎప్పుడు దిగింది, ఎవరు పనికి రాలేదు, అన్నీ రాశాను. రాసినంత మాత్రాన చూసినట్టే అనుకున్నాను.

గృహప్రవేశం దగ్గరపడ్డాక ఒక్కొక్కటే బయటపడింది. గోరుతో గీస్తే గోడ పూత పొడిపొడిగా రాలింది. కిటికీ రెక్కలు మూసుకోలేదు. హాలు గోడకు పగులు వచ్చింది. అన్నిటికంటే పెద్ద తప్పు నేల వాటం. మా ఆవిడ హాలు కడిగితే నీళ్ళు వీధి వాకిలి వైపు పోకుండా, వెనక్కి తిరిగి పూజగదిలోకి పోయాయి. కాంట్రాక్టరును పిలిచి చూపించాను.

“ఇల్లన్నాక కుదురుకోవాల సార్. ఒక వానాకాలం పోనీండి” అన్నాడు.

నేల వాటానికీ వానాకాలానికీ ఏం సంబంధమని నేను అడగలేదు. గట్టిగా అడిగితే పదిమందికీ తెలుస్తుంది. అత్త మాట వినలేదన్నది బయటికొస్తుంది. పగులు మీద క్యాలెండరు తగిలించాను. గృహప్రవేశం అయ్యేదాకా హాలు కడగవద్దని మా ఆవిడకు చెప్పాను.

మా వైపు గృహప్రవేశం నాడు ఇల్లు కట్టినవాణ్ణి పీట మీద కూర్చోబెట్టి, తాంబూలంతో కొత్త బట్టలు పెడతారు. పని నచ్చిందని నలుగురి ఎదుట చెప్పడమే అది. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అందరూ అడుగుతారు. అందుకని నేను పట్టంచు పంచె, కండువా, చొక్కాగుడ్డ తెచ్చి, నవ్వుతూ పెట్టాను. అతను వంగి దండం పెట్టాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

అదంతా మా బావ శ్రద్ధగా చూశాడు. బైరెడ్డిపల్లె దగ్గర ఉన్న ఒక్క మెట్టచేనూ అమ్మి, కుప్పంలో ఇల్లు మొదలుపెడుతున్నారు వాళ్ళు. మరునాడే పునాది ముహూర్తం. పని ఎవరికివ్వాలన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

“బావా, నువ్వు బట్టలు పెట్టినావంటే నేనింగ ఎవురినీ అడిగే పన్లేదు” అని, అక్కడికక్కడే కాంట్రాక్టరుతో మాట్లాడుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. అవునని అనలేదు, కాదనీ అనలేదు. అబద్ధం ఆడలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను.

మొదటి పంక్తి భోజనాలు అయ్యాయి. మా ఆవిడ వంటల దగ్గర ఉంది. సంగతి తెలియని పిల్లలెవరో రెండో పంక్తి కోసం హాల్లో బకెట్టెడు నీళ్ళు పోశారు. నీళ్ళు నేరుగా పూజగది వైపు పరుగెత్తాయి. లోపల నేలమీదే దీపం ఉంది. ఆ గది గడప పక్కన కూర్చున్న మా అత్త ఆ నీళ్ళను చూసింది, నా ముఖమూ చూసింది. వెంటనే దీపం తీసి పీట మీద పెట్టి, పక్కనున్న నిండు బిందెను మోచేత్తో తోసేసింది. బిందె పెద్ద చప్పుడుతో దొర్లింది.

“అయ్యో, నా చెయ్యి తగిలి బిందె పడిపాయ! ముసల్దాన్ని, కండ్లు కనపళ్ళా. యాల అందురూ వస్తారు? పోయి కూసోండి” అంది.

“ఏమత్తా, కొత్తింట్లో చేపలు పెంచుతాండావా?” అన్నాడు మా బావ.

“పెంచుతాండాప్పా. నువ్వు పడితే వల సిద్ధంగా ఉండాది” అంది అత్త.

అందరూ నవ్వారు. ఎవరికీ అనుమానం రాలేదు. ఆమె మోకాళ్ళ మీద వంగి, పాతగుడ్డతో ఆ నీళ్ళు అద్ది అద్ది పిండింది. తుడవబోయిన ఆడవాళ్ళను దగ్గరికి రానీయలేదు. మోకాళ్ళ నొప్పులతో మా ఇంటి మెట్లు కూడా ఇద్దరు పట్టుకుంటే ఎక్కిన మనిషి. నేను చేతిలో పాయసం గిన్నెతో నిలబడి చూస్తున్నాను. అంత సిగ్గు నేను ఎన్నడూ పడలేదు.

మధ్యాహ్నం బస్సుకే చెల్లెలు, బావ వెళ్ళిపోయారు. వీధి చివరిదాకా సాగనంపాను. ఎండల గురించి మాట్లాడాను గానీ, ఆ సంగతి చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి అత్త వరండాలో కాళ్ళు చాపుకొని కూర్చొని ఉంది. చెప్పబోయాను.

“నాకాడ చెప్పేదేముండాది? నేను సూసినా కదా” అంది. కాసేపు మోకాలు నొక్కుకొని, “నీ ఇంట్లో నీళ్ళయితే నేను తుడిసినా. ఆ బిడ్డ చేను అమ్ముకోని ఉండాది. దాన్నెవురు తుడస్తారు? పొద్దున్నే బస్సెక్కు” అంది. పుంగనూరు మేస్త్రి ఊసే ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

మరునాడు తెల్లవారకముందే బస్సెక్కాను. దారి పొడుగునా ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. కుప్పంలో దిగేసరికి ఒక్కటీ మిగల్లేదు. స్థలం దగ్గర ముగ్గు వేసి, ఈశాన్యం మూల గుంట తవ్వి ఉంది. కాంట్రాక్టరు నేను పెట్టిన పట్టంచు పంచె కట్టుకొని, చేతిలో కొబ్బరికాయతో నిలబడి ఉన్నాడు.

“ఈయనకు పని ఇవ్వద్దు. మా ఇంట్లో నీళ్ళు పూజగదిలోకి పోతాండాయి. నిన్న అత్త బిందె కావాలనే తోసింది, నా కోసం” అన్నాను. అందరూ విన్నారు.

“నిన్న పదిమందిలో బట్టలు పెట్టి, ఈ పొద్దు ఇట్లంటే ఎట్ల సార్?” అన్నాడు అతను. ఆ ప్రశ్నలో తప్పు లేదు.

“నిన్న పెట్టిందే తప్పు” అన్నాను.

ఎప్పుడూ ఏదో ఒక హాస్యమాడే బావ నేల చూస్తూ నిలబడ్డాడు. మా చెల్లెలు వచ్చి కాంట్రాక్టరు చేతిలోని కొబ్బరికాయ తీసుకొని భర్తకిచ్చింది. “ముహూర్తం దాటిపోతాది, నువ్వే కొట్టు. మేస్త్రిని నిదానంగా ఎతుక్కుందాం” అంది.

పూజ అయ్యాక నాకు ప్రసాదం పెడుతూ, ఇంకెవరికీ వినపడకుండా అడిగింది. “యాలన్నా, నిన్న చెప్పలేదు? మేం నవ్వుతామనుకుంటివా?”

అవును, అదే అనుకున్నాను. ఆ మాట ఆమెతో అనలేక ప్రసాదం తింటూ నిలబడ్డాను. ఆ తర్వాత హాలు నేల పగలగొట్టించి వాటం సరిచేయించాను. మా చెల్లెలి ప్రశ్న మాత్రం ఈనాటికీ నా దగ్గరే ఉంది.