సత్తెమ్మ ఆపిన మగ్గాలు

“మొదటి డిమాండ్‌గా మీదే రాస్తం, సత్తెమ్మా.”

ఎనభైల్లో, గద్వాల చేనేత యూనియన్ ఆఫీసులో మేం ఆమెకిచ్చిన మాట ఇది. నిలబెట్టుకోలేదు.

నిన్న పొద్దున ఆమె కొడుకు ఫోన్ చేసిండు. “మామా, అమ్మ పోయింది.”

ఆదివారమే మాట్లాడినం.

తెలియనోళ్ల కోసం చెప్తున్న.

గద్వాల చీర నూలుది, కొంగు పట్టుది. ప్రతి చీరకూ వేల పట్టుపోగులను నూలుపోగులకు ఒక్కొక్కటిగా అతకాలి. ఆ పని ఆడవాళ్లది. వేళ్లకు బూడిద రాసుకొని, నడుం వంచి, పొద్దంతా.

కూలి మాత్రం మగ్గం మీది మగాడికే.

కూలి పెంచాలని మేం స్ట్రైక్ చేస్తే, నూలిచ్చి నేయించే సావుకార్లు నవ్విండ్రు. పది రోజులకే మావాళ్లు ఒక్కొక్కరు మళ్లీ మగ్గం గుంటల్లోకి దిగిండ్రు.

అప్పుడు సత్తెమ్మ మీటింగుకు వచ్చింది.

“మీకన్న అలిగిన అల్లుడు నయం అన్నా! ఆయన రెండు పూటలన్న ఆగుతడు. మేం అతుకుడు ఆపుతం. ఏం నేస్తరో చూస్తం.”

వాళ్ల అతుకుడు కూలే మొదటి డిమాండ్ అని మేం మాటిచ్చింది అప్పుడే. వీధికి వీధే ఆపిండ్రు. మగ్గం మీదున్న చీర అయిపోయినకొద్దీ మగ్గాలు ఆగిపోయినయి. మూడోవారం సావుకార్లే చర్చలకు పిలిచిండ్రు.

లోపల మేం నలుగురు మగవాళ్లం. ఆడవాళ్లు తలుపు బయట, ఎండలో.

అతుకుడు కూలి మాట రాగానే సావుకారు “అది ఇంటిపని గదా” అన్నడు. మా అధ్యక్షుడు ఎదురు చెప్పలేదు. నేతకూలి పెరిగితే చాలని ఒప్పందం కాయితంల ఆ లైను కొట్టేసిండు. నేను సెక్రటరీని. కింద సంతకం పెట్టిన.

బయటికొచ్చినంక సత్తెమ్మ చదివి వినిపించమంది. చదివిన.

“మాది ఏడున్నది అన్నా?”

“వచ్చేసారి, చెల్లె.”

తిట్టలేదు. మళ్లీ మీటింగుకు రాలేదు. తర్వాతి స్ట్రైకుకు ఆడవాళ్లు ఒక్కరూ రాలేదు. యూనియన్ అప్పుడే చచ్చింది. బోర్డు మాత్రం చాలా ఏండ్లు వేలాడింది.

నిన్న చావింటికాడ ఆమె మనవరాలు అడిగింది. హైదరాబాద్‌లో ఏదో యాప్ కంపెనీల పని చేస్తది.

“ఇప్పుడు యూనియన్లతోని ఏం పని తాతా?”

జీవితమంతా పుస్తకాలు చదివిన. అవేవీ చెప్పలేదు. మీ అవ్వ మూడు వారాల్లో గద్వాలను ఆపిందని చెప్పిన. ఆమెను ఓడించింది సావుకారు కాదు, మేమే అని కూడా చెప్పిన.

పోయిరా చెల్లె. వంగిన నీ నడుముకు ఇకనన్న నెమ్మది దొరకాలి.

అప్పటి మా అధ్యక్షుల వారు కూడా నిన్న దండ వేసి, ఫొటో దిగి, “మా ఉద్యమ సోదరి” అని పోస్ట్ పెట్టిండు.

నా సంతకం నేను ఒప్పుకున్న. ఆ లైను కొట్టేసింది మాత్రం నువ్వు, చంద్రప్పా.