ముప్పై తొమ్మిది అంగుళాల ఎత్తులో అద్దం

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఉన్నా వాటితో వేగే తీరిక లేదు. కర్నూలులో ఒక రక్తపరీక్షల ల్యాబులో పదమూడేళ్లుగా పనిచేస్తున్నాను. కాగితం మీద అంకె కనపడితే తప్ప దేన్నీ నమ్మని ఉద్యోగం నాది. కోయిలకుంట్ల వైపు మా చుట్టాల్లో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు హిమోగ్లోబిన్ ఎంతుందో చూపించండి అంటాను. అందుకే పెళ్లిళ్లలో నన్నెవరూ పక్కన కూర్చోబెట్టుకోరు.

కాబట్టి ఇది ఎవరినీ భయపెట్టడానికి రాస్తున్నది కాదు. ఆ నెలన్నర నాకూ భయం వేయలేదు. ఒళ్లు మండింది, అంతే.

మేము అద్దెకుంటున్నది మేడ మీద రెండు గదులు, ఒక వంటిల్లు. కింద ఇంటి ఓనరు మాబున్నమ్మ ఒక్కతే ఉంటుంది. అరవై దాటిన మనిషి, మనసు మంచిదే, గోడల దగ్గర మాత్రం కనికరం లేదు. చేరిన రోజే చెప్పేసింది.

"చూడు బేటీ, నీళ్లు ఎన్నన్నా వాడుకో. గోడకు మేకు కొట్టినావంటే మాత్రం ఆ పొద్దే సామాను బయట పెడతా."

ఆమె తప్పేమీ లేదు. సున్నం కొట్టిన పాత గోడలు, మేకు దించితే పిడికెడు మట్టి రాలుతుంది. సామాను పెట్టుకోవడానికి గదికి రెండేసి కడప బండల అరలు, అంతే. బట్టలన్నీ అట్టపెట్టెల్లో, అట్టపెట్టెలన్నీ మంచం కింద. ఏది వెతకాలన్నా బోర్లా పడుకోవాలి. నాలుగేళ్లు అలాగే గడిపేశాం.

ఐదో ఏడు అలా గడపడానికి వీల్లేకపోయింది. మాకు పెళ్లయి అప్పటికి పదకొండేళ్లు. పిల్లలు లేరు. తిరగని ఆసుపత్రి లేదు. మా అత్త పోరు పడలేక మహానందిలో మూడుసార్లు మునిగాను కూడా. చివరికి నేనూ మా ఆయన ఓబులేసూ దత్తతకు దరఖాస్తు పెట్టుకున్నాం. రెండేళ్ల లోపు బిడ్డ కావాలని రాశాం. ఇల్లు చూడటానికి ఒక మేడమ్ వస్తారని, ఆమె మంచి రిపోర్టు రాస్తేనే మా పేరు ముందుకు పోతుందని చెప్పారు. నెలన్నర టైముంది. ఆమె కాదంటే మళ్లీ ఇంకో దారి వెతికే ఓపిక నాలో మిగల్లేదు.

ఇల్లు చూస్తే గోడౌనులా ఉంది. ఖర్చు లేకుండా, మేకు లేకుండా అద్దె ఇల్లు సర్దుకోవడం ఎలాగో చెప్పే వీడియోలు ఫోనులో చూడటం మొదలుపెట్టాను. అందులో అమ్మాయి నవ్వుతూ రెండు నిమిషాల్లో బీరువా చేసేస్తుంది. చెమట చుక్క ఉండదు. ఏప్రిల్ నెలలో కర్నూలు వచ్చి చేయమనండి చూద్దాం.

పండ్ల మార్కెట్లో పారేసే చెక్కపెట్టెలు ఆరు తెచ్చాం. గరుకు కాగితంతో రుద్ది, పచ్చరంగు వేసి ఒకదాని మీద ఒకటి పేర్చాం. బట్టలకు అదే బీరువా. రంగు ఆరకముందే దుమ్ముగాలి లేచి పచ్చరంగు కాస్తా మట్టిరంగు అయింది. మళ్లీ రుద్ది మళ్లీ వేశాం. బియ్యం సంచులు కత్తిరించి వరసగా జేబులు కుట్టి తలుపు పైనుంచి వేలాడదీశాను. మందులు, కత్తెరలు, సూదులు పైజేబుల్లో, చిన్నపిల్లకు అందకుండా. బండల అరలకు మా అమ్మ పాత నేతచీర తెరగా కట్టాను. మేకు లేదు కాబట్టి రెండు గోడల మధ్య బిగించే స్ప్రింగు కడ్డీ తెచ్చాం. అది రెండుసార్లు కందిపప్పు డబ్బాతో సహా ఊడి పడింది. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక మిగిలింది అద్దం. ఒకటిన్నర అడుగుల మామూలు అద్దం, వెనక దారం. నడిమి గదిలో వెనక జిగురుండే స్టిక్కర్ హుక్కు అతికించి నా మొహం ఎత్తుకు తగిలించాను. గాజు కాబట్టి పైనే ఉండాలని కూడా అనుకున్నాను.

ఒకరోజు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి తాళం తీసి చూస్తే అద్దం కింద ఉంది. పడిపోలేదు. దిగింది. అదే గోడ మీద, అదే హుక్కుకు, నా నడుము పైదాకా దిగి, దారం సరిగ్గా నిలువుగా వేలాడుతోంది.

కాలిన మోటార్లకు తీగ చుట్టే షాపులో పని ముగించుకుని ఓబులేసు రాగానే పట్టుకున్నాను.

"ఏం సామీ, నా దుంప తెంచేదానికా ఈ ఆటలు? అద్దం ఆడ ఎవురు పెట్టమన్న్యారు నిన్ను?"

"నేను యాడ ముట్టుకుంటి మే? పొద్దున నీకంటే ముందే పోతిని గదా!"

నిజమే, ఆయన ముందే వెళ్లాడు. హుక్కు పీకి పైన అతికించబోయాను. అతుక్కోలేదు. ఒకసారి పీకిన స్టిక్కరుకు వెనక సున్నం అంటుకుంటుంది, మళ్లీ గోడను పట్టుకోదు. కొత్త హుక్కు తీసి పైన పెట్టాను. పీకిన హుక్కు మళ్లీ అతుక్కోదంటే, అది పైనుంచి కిందికి ఎలా వచ్చి అంత గట్టిగా అతుక్కుందో అప్పుడు నాకు తట్టలేదు. కోపంలో ఉన్నాను.

రెండు రోజులకు మళ్లీ దిగింది.

మాబున్నమ్మ దగ్గర రెండో తాళంచెవి ఉందని గుర్తొచ్చి కిందికి పోయి అడిగాను. అడిగి ఉండకూడదు.

"యా అల్లా! ఈ మోకాళ్లతో మెట్లెక్కి నీ అద్దం దించేదానికి వస్తానా? రెండేండ్లాయ నేను పైకొచ్చి. శానా ఎండలు గదమ్మా, జిగురు కరిగి జారింటాది."

జారితే గోడ మీద చార ఉండాలి. లేదు. కోతులు అనుకుందామంటే కిటికీలకు ఇనుప జాలీ. మూడోసారి దిగినప్పుడు కుట్టుపని టేపు తీసి కొలిచాను. నేల నుంచి అద్దం నడిమికి ముప్పై తొమ్మిది అంగుళాలు. నాలుగోసారీ అంతే. ఐదోసారీ అంతే. వెంట్రుకవాసి తేడా లేదు. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి తాళం వేసి పోయాను. సాయంత్రం కాగితం పెట్టినట్టే ఉంది, అద్దం మాత్రం కింద ఉంది. పాత ఫోను పెట్టి వీడియో తీద్దామన్నాడు ఓబులేసు. రెండు గంటలకు అందులో జాగా నిండి ఆగిపోయింది. ఆ రెండు గంటలూ అద్దం బుద్ధిగా పైనే ఉంది. సాయంత్రం నేను వచ్చేసరికి మళ్లీ కిందే.

ఆ రోజు నాకు చిర్రెత్తుకొచ్చింది. ఖాళీ గదిలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. "ఎవురో ఏమో గానీ నీ చేతులు పడిపోను! నాకు బిడ్డ రావాలని నేను చస్తాంటే నీకు ఆటలుగా ఉండాదా? పో ఈన్నుంచి!" అని అరిచాను. పక్కింటివాళ్లు మా ఇద్దరికీ గొడవ అనుకుని ఉంటారు. ఆ మాటలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

మేడమ్ వచ్చే రోజు పొద్దున హుక్కు పీకి చెత్తబుట్టలో పారేశాను. కొన్న ప్యాకెట్టులో అదే ఆఖరిది. అద్దాన్ని తువ్వాల్లో చుట్టి పైబండ మీద, అట్టపెట్టె వెనక పడుకోబెట్టాను. పీడ వదిలింది అనుకున్నాను.

ఆమె పదకొండింటికి వచ్చారు. మేమిద్దరం ఆమె వెంటే ఉన్నాం. వంటింట్లో పదినిమిషాలు నిలబడి గ్యాసు బండ, కత్తులు, నీళ్లు అన్నీ చూశారు. సంచి జేబులు చూసి, మీరే కుట్టారా అని మెచ్చుకున్నారు. నా ప్రాణం కాస్త కుదుటపడింది. తర్వాత నడిమి గదిలోకి నడిచారు. వెనకే నేను వెళ్లాను.

అద్దం గోడకు ఉంది. ముప్పై తొమ్మిది అంగుళాల దగ్గర.

ఆమె దాన్నే చూస్తున్నారు.

"చంటిబిడ్డ కావాలని రాశారు కదమ్మా. మరి ఈ ఎత్తులో అద్దం ఎవరికి?"

మేము పెట్టలేదు మేడమ్, అదే దిగింది అంటే ఏం రాస్తారు ఆమె? మతి చలించిన ఇంట్లో పసిబిడ్డను ఎవరిస్తారు? పదకొండేళ్లు ఈ అద్దంతో మట్టిలో కలిసిపోతున్నాయని అనుకున్నాను. అంతలో నా వెనక నుంచి ఓబులేసు అన్నాడు.

"పాప మొగం పాపకు కనపడొద్దా మేడమ్? అందుకే."

ఆ మాట ఎందుకు వచ్చిందో తనకే తెలియదని తర్వాత చెప్పాడు.

మేడమ్ అద్దం ముందు మోకాళ్ల మీద కూర్చుని చూశారు. లేచాక అన్నారు, "ఇది ఐదారేళ్ల పిల్ల ఎత్తు. ఆ వయసు పిల్లలు ఉన్నారమ్మా. ఎవరూ అడగరు. అందరికీ చంటిబిడ్డలే కావాలి. మీకు మనసుంటే ఫారం మార్చి రాయొచ్చు. ఆలోచించుకోండి."

ఆమె వెళ్లగానే చెత్తబుట్ట కుమ్మరించి చూశాను. పొద్దున పీకిన హుక్కు సున్నంతో సహా అందులోనే ఉంది. గోడకున్నది ఎక్కడిదో నాకు తెలియదు. పైబండ మీద తువ్వాలు మడత పెట్టి ఉంది. నేను మడత పెట్టలేదు.

నాలుగు రోజులు మా ఇద్దరికీ అదే వాదన. ఉన్నమాట చెబుతాను, నాకు భయం వేసింది. చంటిబిడ్డకైతే నేను తప్ప వేరే అమ్మ తెలియదు. అంత పెద్ద పిల్ల నన్ను అమ్మా అంటుందా? ఇది స్వార్థమే, ఒప్పుకుంటాను. ఓబులేసు మాత్రం సులభంగా తేల్చేశాడు.

"పిలిస్తే పిలుస్తాది, లేకుంటే లేదు. అన్నం పెట్టేదానికి పిలుపు కావాల్నా మే?"

ఫారం మార్చాం. అద్దాన్ని నేను మళ్లీ పైకెత్తలేదు. అదీ కదల్లేదు.

ఎనిమిది నెలలకు పాప వచ్చింది. పేరు ఇక్కడ రాయను. వేరే జిల్లాలోని అనాథ పిల్లల ఇంటి నుంచి తెచ్చుకున్నాం. దారిపొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లోకి వచ్చి సంచి దించి, మా పచ్చపెట్టెలన్నీ చూసుకుంటూ నడిమి గదిలోకి పోయింది. అద్దం ముందు ఆగింది. శానాసేపు తన మొహం తాను చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

"ఈడ బకెట్టు వద్దా?"

మా ఇంట్లో అది మాట్లాడిన మొదటి మాట. నాకు అర్థం కాలేదు. రెండో రోజు పిల్లల ఇంటికి ఫోను చేసి, అక్కడ పిల్లలను చూసుకునే ఆయమ్మను అడిగాను. ఆమె నవ్వింది. "ఓ, అదా మేడమ్! మా అద్దం చేతులు కడిగే తావ, పెద్దోళ్ల ఎత్తులో ఉండాది. ఈ పిల్ల బకెట్టు బోర్లేసుకుని ఎక్కి మొగం చూసుకుంటాది. రెండుసార్లు జారి పడె. ఎంత చెప్పినా ఇనదు. పోయిన ఎండాకాలం మొదలుపెట్టె ఆ పని."

మా ఇంట్లో అద్దం దిగడం మొదలైందీ పోయిన ఎండాకాలమే.

ఫోను పెట్టేసి టేపు తీశాను. పాపను గోడకు ఆనించి నిలబెట్టి నేల నుంచి కళ్ల దాకా కొలిచాను. ముప్పై తొమ్మిది. ఇంకోసారి కొలిచాను. ముప్పై తొమ్మిదే. రోజూ అంకెలు రాసే మనిషిని, ఈ అంకెను ఎక్కడ రాసుకోవాలో నాకు తెలియలేదు.

ఇప్పుడు నన్ను అమ్మా అనే పిలుస్తుంది. రోజుకు నూరుసార్లు, చేతిలో పని సాగనివ్వకుండా పిలుస్తుంది. ఎండకు జిగురు జారిందని మాబున్నమ్మ ఈ రోజుకీ అంటుంది. నేను కాదనను. నా దగ్గర అంతకంటే మంచి జవాబు లేదు.

ఆ అద్దం నేను పెట్టిన చోటే ఉండి ఉంటే మేము ఇంకా చంటిబిడ్డ కోసం ఎదురుచూస్తూ ఉండేవాళ్లం. ఈ పిల్ల ఇంకా బకెట్టు ఎక్కుతూ ఉండేది. దాన్ని దించింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నెలన్నర పాటు వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను, చేతులు పడిపోవాలన్నాను. ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలని ఉంది. ఎవరికి చెప్పుకోవాలో తెలియడం లేదు.