ఒంటి చేత్తో విప్పే మూత

హిందీ వాళ్ల వైపు కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజుల్లో మేము అక్కడి ఉక్కు ప్లాంటు సెక్టర్ 2 క్వార్టర్లో ఉండేవాళ్లం. మావారు ప్లాంటులో వెల్డరు. ఆయన తమ్ముడికి భీమిలిలో పడవ ఉంది. ఇంజను చల్లబడడానికి పడవ అడుగు నుంచి సముద్రపు నీరు లాగే వాల్వు, లోపలికి చెత్త పోకుండా ఆపే జాలిడబ్బా పాడైపోయాయి. కొత్తవి కొని, అన్నయ్య చేత బిగించుకుపోదామని వచ్చాడు.

మావారు రెండింటినీ కలిపి బిగించారు. డబ్బా మూత దగ్గర చెమ్మ కనిపించింది. మా ప్లాంటు ఊళ్లో కారేదానికి మందు ఒక్కటే. మూత చుట్టూ ఇత్తడి వెల్డింగు పెట్టేశారు. నీళ్లు పట్టిస్తే చుక్క రాలేదు.

"ఏక్‌దమ్ పక్కా!" అన్నాడు పక్క క్వార్టరు భయ్యా.

నేను మూత తిప్పబోయాను, కదల్లేదు. "ఏవండీ, ఇంక మూత తెరుచుకోదు కదా?"

"కారదు. ఇంకేటి కావాలి?"

"నాచొచ్చి జాలికి అడ్డం పడితే నడి సముద్రంలో ఎలా తీస్తాడు? ఇంజను కాలిపోతే ఒడ్డుకెలా వస్తాడు?"

"బడి మొహం చూడనిదానివి, నాకు చెప్తావేటి?"

"భాభీ ఇంజనీర్ అయిపోయింది భాయ్!" అని భయ్యా నవ్వాడు.

నిజమే, నేను బడికి వెళ్లలేదు. అమ్మ ఇంట్లోనే బైబిలు వాక్యం చదివిస్తూ అక్షరాలు నేర్పింది. నాన్న తన పడవలో జాలి కడగడం నేర్పాడు. ఇద్దరి కోసమూ దేవునికి స్తోత్రం.

మరిది ఎక్కాల్సిన రైలుబండి వేళయింది. మా ఇంట్లో ఎవరు ప్రయాణమైనా మూట మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది నేనే. అది లేనిదే మరిది గడప దాటడు.

"కానియ్యి వదినా," అని తల వంచాడు.

"చెయ్యను."

"అదేటి వదినా!"

"నిన్ను కాపాడమని అడగాలి. మూత ఇలాగుంచి ఆ మాట నా నోట రాదు."

మావారి ముఖం ఎర్రబడింది. "బండెళ్లిపోతాది."

"పోనీండి. రేపూ బండుంది. మీ తమ్ముడికి ఇంకో ప్రాణం లేదు."

బండి వెళ్లిపోయింది. మావారు గ్రైండరుతో వెల్డింగు కోసి, మూత అంచు చదును చేసి, కొత్త రబ్బరు వాషరు వేసి, చేత్తో తిప్పే రెక్కల నట్లు పెట్టారు. మళ్లీ నీళ్లు పట్టించారు. కారలేదు.

"ఇప్పుడైనా చేస్తావా?"

"ఒంటి చేత్తో విప్పమనండి. రెండోది చుక్కాని మీదుంటాది."

మరిది ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, వాల్వు కట్టేసి, మూత విప్పి మళ్లీ బిగించాడు.

అప్పుడు డబ్బా మీద చెయ్యి పెట్టాను. ముందుగా మావారి చేతుల కోసం స్తోత్రం చెప్పాను. ఆమెన్ ఆయనే అందరికంటే గట్టిగా అన్నారు.