తిరుగుడు గొర్రె తలకాయ

నేను రావల్కోల్‌కు కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో నాతో మొదట కలిసిపోయింది మంద కాపలా కుక్క. నా పెనిమిటి సగం మందతో ఎప్పుడూ ఊళ్లమీదే ఉండేవాడు. అత్తది అరుపు, మామది ఉరుము. కుక్క ఒక్కటే నన్ను చూసి తోక ఊపేది. దానిమీద నాకు ప్రాణం.

అప్పట్లో మా గొర్రెలకు తిరుగుడు రోగం పట్టుకుంది. మెడ ఒక పక్కకు వంచి, మేత మరిచి, ఉన్నచోటనే గిర్రున తిరిగి పడిపోయేవి. దిష్టి అన్నారు, పసరు పోశారు, మొక్కులు మొక్కారు. అలా చచ్చిన గొర్రె తలకాయ తింటే మనకూ తల తిరుగుతుందని ఎవరూ ముట్టేవారు కాదు. నేను దాన్ని చాటుగా కుక్కకు వేసేదాన్ని. అది కొరకలేక అవస్థ పడుతుంటే బండరాయితో పుర్రె పగలగొట్టి మరీ పెట్టేదాన్ని. ఎంత తెలివో చూడండి!

ఒకసారి శామీర్‌పేట చెరువు కిందికి మేతకు పోయి వచ్చాక మా పెద్ద పొట్టేలు కూడా తిరిగి తిరిగి చచ్చింది. మామ పరేషానయి మేడ్చల్ నుంచి పశువుల డాక్టరును బతిమాలి తీసుకొచ్చాడు. ఆయన పుర్రె కోసి చూపించాడు. మెదడులో నీళ్లు నిండిన తిత్తి, దాని లోపల తెల్లటి నూకల్లాంటివి.

"దేఖో, గీ తలకాయ కుక్క తింటే దాని కడుపుల బద్దెపురుగు అయితది. కుక్క దొడ్డికి కూసున్న గడ్డి గొర్రె తింటే మల్ల గిదే రోగం. కుక్కకు తలకాయ ఎవరు పెడ్తున్రు?" అన్నాడు డాక్టరు.

మామ కర్ర లేపాడు.

"గా కుక్కను ఇయ్యాల్నే సంపుత! పెట్టినోళ్లను ఇంట్లకెల్లి ఎల్లగొడ్త!"

నేను నోరు తెరిచేలోపే అత్త ముందుకొచ్చింది.

"నేనే పెట్టిన. ఏది, ఎల్లగొట్టు సూస్త! రేపటి సంది నీకు గట్క ఎవరు ఒండుతరో గదీ సూస్త!"

మామ కర్ర దించాడు. డాక్టరు నవ్వు ఆపుకుంటూ ఉపాయం చెప్పాడు. కుక్కను ఒక పూట పస్తుంచి, వక్కపొడి పాలలో కలిపి తాగించాలి. బయటపడ్డదాన్ని కాల్చెయ్యాలి. ఇకమీద తలకాయలు లోతుగా పాతిపెట్టాలి.

అవి యుద్ధం రోజులు, ఓడల్లో సరుకు రాక వక్క దొరకడమే గగనం. వక్క నోట్లో లేనిదే అత్తకు పొద్దు గడవదు. అలాంటి మనిషి సంచిలో ఉన్న వక్కలన్నీ రోట్లో పోసి నన్ను దంచమంది. మర్నాడు పొద్దున తాగించాం. కుక్క వణికింది, కక్కింది. మధ్యాహ్నానికి లంగా నాడాలాంటి తెల్లటి పురుగు మూరెడు పైన బయటపడింది. అత్త దాన్ని కట్టెతో నిప్పుల్లోకి నెట్టింది.

ఆమె ఖాళీ సంచి నడుముకు దోపుకుంటుంటే ఉండబట్టలేక అడిగాను.

"అత్తా, తలకాయ పెట్టింది నేనని నీకు ఎర్కనే గదా?"

"ఎర్కలేదా? పుర్రె పగలగొడ్తుంటే ఊరంత ఇనవడ్తది గదనే."

"మరి నువ్వెందుకు మీదేసుకున్నవ్?"

అత్త కుక్క వీపు నిమిరింది.

"నేను కాపురానికి వచ్చినప్పుడు గీ ఇంట్ల నాకు కుక్క గూడ లేకుండె, బిడ్డా."

నన్ను బిడ్డా అని పిలవడం అదే మొదలు. నేను భోరున ఏడ్చేశాను.

"ఏడ్పు సాలుగని జల్దీ పార తే. పొట్టేలు తలకాయ గట్లనే ఉన్నది, బొంద తవ్వాలె" అని కసిరింది.