కళ్ళంలో ఎర్రచీర

కృష్ణా జిల్లాలో ధాన్యం మిల్లులను నీటిరంగుల్లో వేసిన చిత్రకారుణ్ణి నేనొక్కణ్ణే. గవర్నర్‌పేటలో నా బొమ్మలు పెట్టిన రోజున జనం ఆగిపోయి బస్సులకు దారి లేకపోయింది. పామర్రులో నేను పనిచేసిన ఉప్పుడు బియ్యం మిల్లును పడగొట్టి ప్లాట్లు వేస్తున్నారని మొన్న తెలిసి, అటక మీది బొమ్మల పెట్టె దింపించినప్పుడు మనవలకు ఈ మాటే చెప్పాను. మీ దగ్గర దాచేదేముంది, అది ఎగ్జిబిషన్ కాదు, ఫ్రేములు కట్టే కొట్టు. కట్టమని ఇచ్చిన ఒక్క బొమ్మను కొట్టాయన గుమ్మంలో ఆనించాడు. ఆగింది ఒక రిక్షా, అదీ చైను ఊడిపోయి.

బొమ్మలు నాకెవరూ నేర్పలేదు. మా అమ్మా అక్కా ఆ మిల్లులో కూలి చేసి చదివించిన చదువుకు అక్కడే కాటా గుమాస్తా పని దొరికింది. లారీలు రాని మధ్యాహ్నాలు స్కూలు పిల్లల రంగుబిళ్ళలు, టీ గ్లాసులో నీళ్ళు పెట్టుకుని వరండాలో కూర్చునేవాణ్ణి. ఎదురుగా సిమెంటు కళ్ళంలో ఉడికిన ధాన్యం ఆరబోసి, ఆడవాళ్ళు వరసగా పాదాలు ఈడుస్తూ తిరగేస్తుంటే వాళ్ళ వెనకే చాళ్ళు పడుతూ వచ్చేవి. పొగగొట్టం నుంచి ఊకబూడిద తడి కాగితం మీద రాలేది. ఊదితే రంగు చెదిరేది, తుడిస్తే మరక పాకేది, చివరికి ప్రతి మచ్చకూ రెక్కలు తగిలించి కాకిని చేసేవాణ్ణి, అందుకే నా బొమ్మల్లో ఉన్నన్ని కాకులు పామర్రులో ఏనాడూ లేవు. బాయిలరు దగ్గర పనిచేసే ఆయన వెనక నిలబడి, "ఆ పొగకి మాకు ఊపిరాడక చస్తంటే, మీరు దానికి నీలం పూస్తన్నారేంటండీ గుమాస్తాగారూ" అని ఎగతాళి చేసేవాడు.

అమ్మకు ఫొటో లేదు. ఒక్కటీ లేదు. అందుకే, కళ్ళం బొమ్మలో ఎర్రచీర కట్టుకున్న మనిషే మా అమ్మ అని ఇంట్లో అందరికీ చెబుతూ వచ్చాను. చెప్పగా చెప్పగా నాకూ అదే నిజమైపోయింది. మొన్న పెట్టె తెరిస్తే చెమ్మకు చీరల రంగులన్నీ వెలిసిపోయి, ఆడవాళ్ళంతా ఒకే మసకగా మిగిలారు. బూడిద మచ్చలు మాత్రం నల్లగానే ఉన్నాయి. ఎర్రచీర ఏదో నాకే తెలియలేదు.

అక్కకైనా గుర్తుంటుందని, గుణదలలో ఉంటున్న తనను ఆటోలో పిలిపించాను. తను వచ్చేలోగా ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు ధాన్యాన్ని యంత్రాలే ఆరబెడుతున్నాయి. దాని మీద నడిచిన పాదాలూ లేవు, ఆ నడక చూసినవాళ్ళమూ ఒకరొకరుగా తరిగిపోతున్నాం. నా తరవాత ఈ మసక ఏమిటో చెప్పేవాళ్ళుండరు.

అక్క కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"ఎంత వెతికినా ఇందులో అమ్మ ఉండదురా. అమ్మ ఏనాడు కళ్ళంలోకి వచ్చింది? లోపల ధాన్యం ఉడికే తొట్ల దగ్గర కదా ఆవిడ పని. ఆ ఆవిరికి నీ కాగితం ఆరదని నువ్వొక్కరోజూ లోపలికి రాలేదు."