మా పెద్దమ్మ అనని మాట

ప్రకటనలు లేకపోతే పత్రిక లేదు అనేవాడు మా యజమాని. టీ తాగుతూ అనేవాడు, ఫోన్లో మాట్లాడుతూ అనేవాడు, నా వ్యాసాన్ని సగానికి కోసి పక్కన సిమెంటు బస్తా బొమ్మ వేసిన రోజు కూడా అదే అన్నాడు. ఆ మాట ఎక్కడ విన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అబద్ధమని కాదు, నిజమే అయ్యుండొచ్చు. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని అతను చేసిన పనిని మాత్రం నేను మర్చిపోను, క్షమించను.

కర్ణాటక సరిహద్దున ఉన్న పావగడ టౌనులో, బస్టాండు వెనక సందులో, ఒక జిరాక్సు అంగడి మీద ఉండేది మా ఆఫీసు. మాది తెలుగు మాసపత్రిక. మా తాలూకాలో ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ. అంటే తెలుగు మాట్లాడేవాళ్ళు ఊరూరా ఉంటారు గానీ తెలుగు అక్షరం చదివేవాళ్ళు తక్కువ. నేను ఆంధ్రాలో, మడకశిర వైపు మా అమ్మమ్మ ఊళ్ళో చదువుకున్నాను కాబట్టి నాకు వచ్చింది. చదవడం రాని జనానికి పత్రిక ఎందుకని ఎవరైనా అడిగితే యజమాని ఛాతీ విరుచుకుని భాషాసేవ అనేవాడు. సోలార్ పార్కు వచ్చాక తాలూకాలోకి కాంట్రాక్టర్లు, బండ్ల షోరూములవాళ్ళు, ప్లాట్లు అమ్మేవాళ్ళు దిగారు. వాళ్ళందరికీ తమ మొహం రంగుల్లో చూసుకోవాలని సరదా. ఇతనికి ఆ మొహాలు అచ్చువేయాలని సరదా. ఆ రెండు సరదాల మధ్య నాకు ఒక్క పేజీ ఇచ్చాడు, దాంట్లో గొర్రెల మీద, చేల మీద, మా మనుషుల మీద నెలకొకటి రాసేదాన్ని.

మా ఊరు రాయచెర్లుకు దగ్గర. ఊరికి వచ్చేది ఒక్క కాపీ, అది పాల డైరీకి చేరేది. సాయంత్రం అందరూ క్యాన్లు పట్టుకుని డైరీ దగ్గర నిలబడతారు కదా, అక్కడ పాలు కొలిచే ఆయనకు తెలుగు చదవడం వచ్చు. పత్రిక వచ్చిన రోజు పాలు పోయడం అయిపోయినా ఎవరూ కదిలేవాళ్ళు కాదు. ఆయన అరుగు మీద కూర్చుని, అందరికీ వినపడేటట్టు మొదటి పేజీ నుంచి చదివేవాడు. రంగుల పేజీ రాగానే "అడ్వర్టైజ్‌మెంటు" అని ఒక్క మాట అని, వేలు తడి చేసుకుని తిప్పేసేవాడు. వినేవాళ్ళకు కూడా అలవాటైపోయింది. ఆయన కాస్త ఆగితే చాలు, పిల్లలే "అడ్వర్టైజ్‌మెంటు, వదిలేయప్పా" అనేవాళ్ళు.

ఆ వినేవాళ్ళలో అందరికంటే ముందు వచ్చి, అందరికంటే వెనక పోయేది మా పెద్దమ్మ, మా అమ్మకు అక్క. ఆమెకు అక్షరం ముక్క రాదు. భూమి కూడా లేదు, గొర్రెలే. పార్కుకు భూములిచ్చినవాళ్ళకు ఏటా బాడుగ వచ్చింది. భూమి లేనివాళ్ళకు కంచె వచ్చింది. ఇంతకుముందు బీళ్ళ మీదుగా గొర్రెలు నేరుగా కుంటకు పోయి నీళ్ళు తాగేవి. కంచె పడ్డాక మొత్తం చుట్టూ తిరిగి పోవాలి. ఎండాకాలం గొర్రెపిల్లలు నడవలేక వెనకబడేవి, వాటిని మా పెద్దమ్మ భుజానికెత్తుకుని పోయేది.

రెండు కంచెల మధ్య ఒక బండిబాట వదిలారు. ప్యానెళ్ళు కడిగే నీళ్ళ ట్యాంకర్ దాంట్లో తిరుగుతుంది. ఆ బాట తిన్నగా కుంట దగ్గరికే పోతుంది. కానీ దానికి గేటు, గేటుకు తాళం. పొద్దున కాసేపు ఆ తాళం తీయండి, గొర్రెలు పోతాయి, మీ ప్యానెళ్ళను అవి ముట్టవు అని మా పెద్దమ్మ మేపేవాళ్ళందరి తరఫున అడుగుతూ ఉండేది. పై వాళ్ళను అడగాలి అనేవాడు అక్కడి కాంట్రాక్టరు మేనేజరు. ఎన్నాళ్ళైనా ఆ పై వాళ్ళు కిందికి దిగలేదు. చివరికి గ్రామసభలో తేలుద్దామన్నారు. సభకు ముందే ఆ గేటు సంగతి నా పేజీలో రావాలని, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.

అంతకు ముందు నెల ఒక సంగతి జరిగింది. మా పత్రికకు అందరికంటే పెద్ద ప్రకటన ఇచ్చేది ఈ కాంట్రాక్టరే. మీ పత్రిక చదివేవాళ్ళు ఎవరని మేనేజరు అడిగాడట. యజమాని ఉబ్బిపోయి, చూద్దురు రండి అని అతన్ని కారులో మా డైరీ దగ్గరికి పట్టుకొచ్చాడు. ఇద్దరికీ కుర్చీలు వేశారు. జనం బాగానే ఉన్నారు, చదివే ఆయన కూడా ఆ రోజు గొంతు సవరించుకుని మంచి ఊపులో ఉన్నాడు. మధ్య పేజీలో రంగుల్లో కాంట్రాక్టరు పేరు, బొమ్మ, శుభాకాంక్షలు. చదివే ఆయన దాన్ని ఒకసారి ఎగాదిగా చూసి, "ఇది ఆళ్ళ సొంత డబ్బా, మనకేల" అని తిప్పేశాడు. అందరూ నవ్వారు. కన్నడం మేనేజరుకు ఆ తెలుగు మాట అర్థం కాకపోయినా తన పేజీ మాయమైందని అర్థమైంది. అతను విసురుగా పోయి కారెక్కాడు. నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను.

మర్నాడు ఆఫీసులో యజమాని నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"ఇంగ బొమ్మల పేజీతో లాభం లేదుమ్మా. నీ పేజీ మాత్రం ఒక్క మాట ఇడ్సకుండా చదువుతాండాడు ఆయప్ప. ఆడే పెట్టాల. కథలో కలిపేస్తే యాడ వదిలేస్తాడు?"

"అది కథ కాదన్నా, మనుషులు చెప్పిన మాటలు. వాళ్ళ నోట్లో మీ మాటలు పెడితే నేను రాయను."

"సరే, సరే. ఊరికే అన్నాలే."

ప్రూఫు నేనే చూశాను. తప్పులు దిద్ది ఇచ్చాను. అచ్చుకు పోయేముందు అతను మళ్ళీ ముట్టుకున్నాడని పత్రిక బయటికి వచ్చాకే తెలిసింది. అదీ మా డైరీలో చదివాకే.

ఆ సాయంత్రం నేను లేను, విన్నవాళ్ళు చెప్పారు. చదివే ఆయన గేటు దాకా బాగానే చదివాడట. ఉన్నట్టుండి మా పెద్దమ్మ నోటి నుంచి మూడు మాటలు వచ్చాయి: కంచె వచ్చిన తరువాత మాకెలాంటి ఇబ్బందీ లేదు. ప్యానెళ్ళ చల్లని నీడలో మా గొర్రెలు హాయిగా విశ్రమిస్తున్నాయి. ఈ సంస్థవారు మా పాలిట దేవుళ్ళు. చదివే ఆయన ఆగి, అదే లైను మళ్ళీ చూసుకుని, చదివేశాడట. మొదట ఎవరో నవ్వారు. తర్వాత ఒకామె అడిగింది, "గేటు అడిగేదానికి మమ్మల్ని తోడు పిలిచినావు, పేపర్లో వాళ్ళని పొగుడుకుంటావా?" మా పెద్దమ్మ కొంగు దులుపుకుని లేచి ఇంటికి పోయింది. మర్నాటి నుంచి మేపేవాళ్ళు ఆమెను వదిలేసి తమ గొర్రెలు తాము తోలుకుపోయారు. మా పెద్దమ్మకు ఉన్న ఆస్తి అల్లా నలుగురిలో చెల్లే మాట, దాన్ని ఇతను ఊడబెరికాడు.

నేను ఆఫీసుకు పోయి ఆ పేజీ అతని బల్ల మీద పడేశాను.

"ఎవరి మాటలు ఇవి?"

అతను నిదానంగా కళ్ళజోడు తీశాడు. "నీ పేజీ నిలబడాలంటే ఎవరో ఒకరు పేపరుకు దుడ్డు పెట్టాల కదా. మీ ఊరోళ్ళు పెడతారా? ఒక్క కాపీ కొంటారు, ఊరంతా ఇంటారు. ఇనేది పుక్కటకు కావాల, రాసేది నీతిగా ఉండాల. యాడ కుదురుతాదిమ్మా?"

అతను అన్నదాంట్లో నిజం ఉంది. మా ఊరివాళ్ళ మీద కూడా కోపం వచ్చింది, ఆ మాట దాచను. రాస్తే విని తలూపుతారు, ఇంకో కాపీ కొనమంటే చేతులు జేబులోంచి రావు. అతను అక్కడితో ఆగి ఉంటే నేను కూడా ఓడిపోయి ఇంటికి పోయేదాన్నేమో. అతను ఇంకో మాట అన్నాడు.

"అయినా మీ పెద్దమ్మకు చదవను రాదు కదా. ఇంత రచ్చెందుకు?"

"చదవను రాదు. వినను వస్తుంది," అన్నాను. సవరణ వేయమన్నాను. వేస్తానన్నాడు. ఆ ఆఫీసులో నేను అడుగుపెట్టడం అదే ఆఖరు.

గ్రామసభ బడి ఆవరణలో పెట్టారు. పంచాయతీ అధికారి పీడీఓ, సభ్యులు కుర్చీల్లో, మిగిలినవాళ్ళం నేల మీద. మా పెద్దమ్మ ఒక మూల ఒంటరిగా కూర్చుంది. గేటు విషయం రాగానే మేనేజరు లేచి బ్యాగులోంచి మా పత్రిక తీశాడు. గొర్రెలు మేపే ఆమే ఇబ్బంది లేదని చెప్పింది, అచ్చులో ఉంది, నాకు తెలుగు చదవడం రాదు, ఎవరైనా చదవండి అని కన్నడంలో అన్నాడు. చదువుకున్నదాన్నని నా చేతికే ఇచ్చారు.

నేను రాసింది నాకు నోటికొచ్చు. పత్రిక ముందర పట్టుకుని, దాని వంక చూడకుండా, నేను రాసిందే చెప్పుకుంటూ పోయాను. గేటు దాకా వచ్చాను, గేటు దాటాను. ఇబ్బంది లేదన్న మాట లేకుండానే ముగించబోతున్నాను.

"నిలుపు పాపా," అంది మా పెద్దమ్మ. "మొన్న డైరీ కాడ చదివింది ఇది కాదు. కాగితంలో ఉండేది చదువు."

"పెద్దమ్మా, అది..."

"ఉండేదే చదువు. నేనేమన్నానని అచ్చేసినారో అందరూ ఇనాల."

చదివాను. మాకెలాంటి ఇబ్బందీ లేదు అన్నాను.

"అనలేదు," అంది.

గొర్రెలు హాయిగా విశ్రమిస్తున్నాయి అన్నాను.

"అనలేదు. గొర్రెను కాదు, కోడినన్నా లోపలికి ఇడ్సినారా మీరు?"

మా పాలిట దేవుళ్ళు అన్నాను.

"అనలేదు."

పీడీఓకు విసుగొచ్చింది. "అచ్చులో ఉండాది కదమ్మా. అనకుండానే వేస్తారా?"

మా పెద్దమ్మ లేచి నిలబడింది. "సారూ, మా డైరీ కాడ అడ్వర్టైజ్‌మెంటు వస్తే వదిలేసి చదువుతారు. ఆ మూడు మాటలూ అడ్వర్టైజ్‌మెంటే. వాటిని వదిలేసి మొదట్నుంచి చదువు పాపా."

వెనకనుంచి ఎవరో పిల్లలు "వదిలేయప్పా" అన్నారు. సభంతా నవ్వింది. డైరీలో ఆమెను నిలదీసిన ఆమె కూడా నవ్వి, వచ్చి ఆమె పక్కన కూర్చుంది. మేనేజరు నవ్వలేదు. నేను మొదటినుంచి చదివాను, ఆ మూడూ వదిలేసి.

కొన్నాళ్ళకు తాళం తీశారు. పొద్దున గొర్రెలు బండిబాటలో కుంటకు పోతున్నాయి. ఆ ఫొటో పత్రిక అట్ట మీద నిండుగా వేశారు, కాంట్రాక్టరు ఉదారత అని కింద రాసుకున్నారు. నేనడిగిన సవరణ కూడా వేశాడు మహానుభావుడు, ట్రాక్టరు ప్రకటన అడుగున, చీమ తలంత అక్షరాలతో. డైరీలో చదివే ఆయన అలవాటుగా ఆ పేజీ తిప్పేశాడు.

ఒక పొద్దున నేను కూడా మా పెద్దమ్మ వెంట ఆ బాటలో నడిచాను. రెండు వైపులా కంచె, మధ్యలో గొర్రెలు, ముందు ఆమె. కంచె లోపలికి పోయిన బీళ్ళకు పాత పేర్లు ఉండేవి, అవన్నీ ఆమెకే తెలుసు. ఇటు పక్క దాన్ని ఏమనేవాళ్ళు పెద్దమ్మా అని అడిగాను.

ఆమె ఆగి నా చేతుల వంక చూసింది. కలం, కాగితం లేవు, చేతులు ఖాళీగానే ఉన్నాయి.

"రాస్తావా?"

"లేదు పెద్దమ్మా, రాయను. భయపడొద్దు."

"రాయనిదానికి పేరెందుకు నీకు?" అని గొర్రెలను అదిలించుకుంటూ ముందుకు పోయింది.